జనం నాడి... డీజే చేతిలో!

పాట ఉండదు. పాడేవాళ్లుండరు. పల్లవి, చరణం అసలే ఉండవు. ఉన్నదల్లా ఒకటే దరువు... ధబ్, ధబ్, ధబ్, ధబ్! అయినా జనం అక్కణ్నుంచి వెళ్లరు. శనివారం రాత్రి లోపలికి అడుగుపెట్టినవారిలో కొందరు సోమవారం పొద్దున గానీ బయటికి రారు. వాళ్లను అలా కట్టిపడేసేది యంత్రమా, దాని వెనక నిలబడ్డ మనిషా? బెర్లిన్ నగరంలో ఆ ప్రశ్న ఏకంగా కోర్టు మెట్లెక్కింది!

బెర్లిన్ తూర్పు భాగంలో ఓస్ట్‌బాన్‌హాఫ్ అని ఓ రైల్వేస్టేషన్. దానికి కాస్త దూరంలో కాంక్రీటు కొండలా ఓ భవనం. కమ్యూనిస్టు తూర్పు జర్మనీ 1950ల్లో కట్టుకున్న ఉష్ణ విద్యుత్ కేంద్రమది. ఎప్పుడో మూతపడింది. 2004లో అందులోకి ఓ డ్యాన్స్ క్లబ్ వచ్చింది. పేరు బెర్గ్‌హైన్. పక్కపక్కనే ఉండే రెండు పేటలు... క్రాయిట్స్‌బెర్గ్ చివర్న ఉన్న ‘బెర్గ్’, ఫ్రీడ్రిష్‌హైన్ చివర్న ఉన్న ‘హైన్’ కలిపి పెట్టిన పేరది. టెక్నో సంగీతాన్ని ఇష్టపడేవాళ్లకు ప్రపంచంలో ఇంతకుమించిన పుణ్యక్షేత్రం లేదు.

దర్శనం మాత్రం అంత తేలిక కాదు. శనివారం అర్ధరాత్రి నుంచీ బారులు తీరతారు. ఒక్కోసారి మూడుగంటలు నిలబడాలి. చివరికి తలుపు దగ్గరికి చేరాక కాపలాదారు అడ్డంగా తల ఊపితే అంతే సంగతులు. కారణం చెప్పరు. ముఖం నిండా పచ్చబొట్లతో ఆ తలుపు దగ్గర ఏళ్లతరబడి నిలబడ్డ స్వెన్ మార్‌క్వార్ట్ స్వతహాగా ఫొటోగ్రాఫర్. లోపల మాత్రం ఫొటోలు నిషిద్ధం. ఫోను కెమెరా మీద చిన్న స్టిక్కరు అంటించి మరీ పంపుతారు. లోపల 18 మీటర్ల ఎత్తున పైకప్పు. అంటే ఆరంతస్తుల మేడంత! చీకటి, చెమట, ఉక్కు స్తంభాలు. గుండెల్లోంచి వినిపిస్తున్నట్టుండే దరువు. దాన్ని నడిపిస్తున్న డీజే ముఖం కూడా సరిగా కనిపించదు.

మన దగ్గర డీజే అంటే పెళ్లి ఊరేగింపు ముందు వ్యానులో నిలబడి, అడిగిన సినిమా పాట పెట్టే కుర్రాడే గుర్తొస్తాడు. అక్కడ అలా పాట అడిగితే నవ్వుతారు. ఏం వినాలో చెప్పడానికి కాదు, వాళ్లకే తెలియనిదేదో వినడానికి వస్తారు జనం.

గోడ కూలితే... గుమ్మం తెరుచుకుంది

టెక్నో పుట్టింది బెర్లిన్‌లో కాదు. అమెరికాలోని డెట్రాయిట్‌లో. కార్ల తయారీకి పెట్టింది పేరైన ఆ నగరంలో 1950లో పద్దెనిమిదిన్నర లక్షల జనాభా. కర్మాగారాలు మూతపడి, ఉద్యోగాలు పోయి, ఉన్నవాళ్లు తరలిపోగా 2000 నాటికి అది తొమ్మిదిన్నర లక్షలకు పడిపోయింది. ఆ ఖాళీ అవుతున్న నగరం శివార్లలో, బెల్‌విల్ అనే ఊళ్లో ఒకే బడిలో చదువుకున్న ముగ్గురు నల్లజాతి కుర్రాళ్లు... హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్. జర్మనీ బృందం క్రాఫ్ట్‌వర్క్ యంత్ర సంగీతాన్నీ, అమెరికా నల్లవారి ఫంక్ సంగీతాన్నీ రేడియోలో కలిపి విన్నారు. చౌకగా దొరికే డ్రమ్ మెషిన్లు, సింథసైజర్లతో ఇంట్లోనే కొత్త సంగీతం తయారుచేశారు. 1988లో లండన్‌లో విడుదలైన ఓ సంకలనంతో దానికి టెక్నో అన్న పేరు స్థిరపడింది. సొంత ఊళ్లో పెద్దగా పట్టించుకోని ఆ సంగీతాన్ని ఐరోపా నెత్తిన పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే, 1989 నవంబరు 9న బెర్లిన్ గోడ కూలింది. తూర్పు బెర్లిన్‌లో వందల భవనాలు దిక్కూమొక్కూ లేకుండా మిగిలాయి. ఏది ఎవరిదో చెప్పే కాగితాల్లేవు. అడిగే పోలీసుల్లేరు. పశ్చిమ బెర్లిన్‌లో 1949 నుంచే మద్యం దుకాణాలకు, నృత్యశాలలకు మూసేవేళ అన్నదే లేదు. ఆ వెసులుబాటు తూర్పుకీ వచ్చింది. ఇంకేం కావాలి! కుర్రకారు నేలమాళిగల్లోకి, గోదాముల్లోకి, పాత బంకర్లలోకి చొరబడి స్పీకర్లు పెట్టేశారు. గోడకు అటువాళ్లూ ఇటువాళ్లూ తొలిసారి భుజం భుజం రాసుకుని ఆడింది ఆ చీకటి గదుల్లోనే.

డిమిత్రీ హెగెమన్ అనే ఆయనకు అలాగే ఓ ఇనుప తలుపు కనిపించింది. దాని వెనక మెట్లు. యుద్ధానికి ముందు బెర్లిన్‌లో వెలిగిపోయిన వెర్ట్‌హైమ్ డిపార్ట్‌మెంట్ స్టోరు తాలూకు లాకర్ల గది అది. తుప్పుపట్టిన లాకర్లు అలాగే ఉన్నాయి. 1991 మార్చిలో అక్కడే ట్రెజార్ క్లబ్ మొదలైంది. ఆ మాటకి జర్మన్‌లో ఖజానా అని అర్థం. డెట్రాయిట్ డీజేలు విమానమెక్కి వచ్చి ఆ ఖజానాలో వాయించారు. జెఫ్ మిల్స్ లాంటివాళ్లకు అది రెండో ఇల్లయింది.

ఒక చెవి ఇక్కడ... ఒక చెవి అక్కడ

ఇంతకీ డీజే ఏం చేస్తాడు? రెండు టర్న్‌టేబుళ్లు, మధ్యలో ఓ మిక్సరు, ఒక హెడ్‌ఫోను. సామగ్రి అంతే. హెడ్‌ఫోను ఒక చెవికే ఉంటుంది. రెండో చెవి జనం వింటున్న ట్రాక్ మీద. హెడ్‌ఫోనులో వినిపించేది తర్వాత రాబోయే ట్రాక్. ఆ రెంటి దరువునూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టడమే తొలిపాఠం. బీట్‌మ్యాచింగ్ అంటారు దీన్ని.

వినడానికి తేలికే. ఒక ట్రాక్ నిమిషానికి 130 దెబ్బలతో నడుస్తోందనుకుందాం. రెండోది 131. తేడా ఒక్కటంటే ఒక్కటి. కానీ రెంటినీ కలిపి వదిలేస్తే అరనిమిషం తిరిగేసరికి సగం దెబ్బ తేడా వచ్చేస్తుంది. రెండు గుర్రాలు రెండు రకాలుగా పరుగెత్తినట్టు డబడబలాడుతుంది. ఆడేవాడి కాలు తడబడుతుంది. అందుకే టర్న్‌టేబుల్ పక్కన వేగాన్ని తగ్గించే, పెంచే మీట ఉంటుంది. 1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 మోడల్లో ఆ మీటతో వేగాన్ని 8 శాతం వరకూ అటూ ఇటూ జరపొచ్చు. మీట జరిపీ జరపనట్టు జరిపి, వేలితో రికార్డు అంచుని తాకీ తాకనట్టు తాకి రెంటినీ కలపాలి. ఇప్పుడు చాలామంది పెన్‌డ్రైవ్‌తో వచ్చి డిజిటల్ ప్లేయర్ల మీద వాయిస్తున్నారు. వాటిలో ‘సింక్’ మీట నొక్కితే యంత్రమే దరువులు కలిపేస్తుంది. అందుకే ‘ఇక డీజే ఎందుకు’ అని వెక్కిరించేవారూ ఉన్నారు.

అసలు పని మొదలయ్యేది అక్కణ్నుంచే. టెక్నోలో దెబ్బలు నాలుగు చొప్పున, మార్పులు ఎక్కువగా పదహారు, ముప్ఫైరెండు దెబ్బలకోసారి వస్తాయి. 130 వేగంలో 32 దెబ్బలంటే పదిహేను సెకన్లు. కొత్త ట్రాక్‌ని ఆ మలుపు దగ్గరే దించాలి. ముందో వెనకో దించితే మన కచేరీలో సమం తప్పినట్టే! అంతేకాదు, రెండు ట్రాకుల బేస్ ఒకేసారి మోగితే అంతా ముద్దయిపోతుంది. అందుకని కొత్తదాని కిందిస్థాయి ధ్వనిని నొక్కిపట్టి, పైస్థాయి తాళాల చప్పుడొక్కటే సన్నగా వదులుతారు. సరైన మలుపులో పాతదాని బేస్ తీసేసి కొత్తదాని బేస్ పెడతారు. బాగా కుదిరితే ఎక్కడ ఏది ముగిసిందో, ఏది మొదలైందో ఆడేవారికి తెలియనే తెలియదు. ఒక ట్రాక్‌లోంచి ఇంకోటి మొలుచుకొస్తుంది. రెండూ కలిసి నడిచే ఆ రెండు మూడు నిమిషాలూ వినిపించేది పాతదీ కాదు, కొత్తదీ కాదు. ఏ దుకాణంలోనూ దొరకని మూడో సంగీతం!

జెఫ్ మిల్స్ లాంటివాళ్లకు రెండు టర్న్‌టేబుళ్లు చాలవు. మూడింటిని ఒకేసారి తిప్పుతూ, పక్కన రోలాండ్ టీఆర్-909 డ్రమ్ మెషిన్‌నీ వాయిస్తాడు. 1995లో టోక్యోలోని లిక్విడ్ రూమ్‌లో ఆయన వాయించిన సెట్ రికార్డింగు ఇప్పటికీ కొత్త డీజేలకు పాఠ్యపుస్తకం.

పాదాలు చెప్పే మాట

చేతుల పని అది. కళ్ల పని వేరు. అనుభవమున్న డీజే ముందువరసలో అరిచేవాళ్లను చూసి మోసపోడు. వాళ్లు ఏది వేసినా అరుస్తారు. చూడాల్సింది అంచుల్లో నిలబడ్డవాళ్లని. గోడకు ఆనుకున్నవాడి తల ఊగుతోందా? పాదం కదులుతోందా? చేతిలో గ్లాసు పక్కన పెట్టాడా? పెడితే పని జరుగుతున్నట్టే. నలుగురు మాటల్లో పడ్డారంటే పట్టు సడలుతున్నట్టు. మధ్యలోంచి ఒక్కసారిగా బారు దగ్గరికి జనం కదిలారంటే ట్రాక్ తప్పని అర్థం కావచ్చు, దాహమనీ కావచ్చు. ఏదో పోల్చుకోవాలి. అదీ, నడుస్తున్న ట్రాక్ అయిపోయేలోగా!

అందుకే మంచి డీజే తర్వాతి ట్రాక్ ఏమిటో ముందే తీర్మానించుకోడు. నాలుగైదు సిద్ధంగా పెట్టుకుంటాడు. ఒకటి ఇంకాస్త వేగంగా తోసేది. ఒకటి గాలి పీల్చుకోనిచ్చేది. ఒకటి ఎవరూ ఊహించనిది. సంచిలో వందల ట్రాకులుంటాయి. ఒక్కోటీ ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఎక్కడ బేస్ తగ్గుతుందో అంతా నోటికి రావాలి. నాలుగ్గంటల సెట్‌లో వినిపించేది నలభై యాభై ట్రాకులు. వాటికోసం వారమంతా వినేది ఎన్నో రెట్లు.

అన్నింటికన్నా పదునైన ఆయుధం మాత్రం శబ్దం కాదు. నిశ్శబ్దం! బేస్‌ని ఒక్కసారిగా తీసేస్తారు. పైన సన్నటి మోత మాత్రం మిగులుతుంది. పదహారు దెబ్బలు... ముప్ఫైరెండు దెబ్బలు... కాలికింద నేల జారిపోయినట్టుంటుంది. చేతులు పైకి లేస్తాయి. ఇక తట్టుకోలేరు అనుకున్న క్షణంలో బేస్ తిరిగొస్తుంది. హాలంతా హోరు! అయితే పదినిమిషాలకోసారి ఇదే చేస్తే అది గారడీ అయిపోతుంది. ఎప్పుడు ఇవ్వాలో కాదు, ఎంతసేపు ఇవ్వకుండా ఆపాలో తెలిసినవాడే దిట్ట.

బెర్గ్‌హైన్‌లోనే పై అంతస్తులో పనోరమా బార్ ఉంది. దాని కిటికీలకు తెరలు వేసి ఉంటాయి. ఆదివారం ఎండ పడ్డాక, సంగీతం సరిగ్గా పతాకస్థాయికి చేరినప్పుడు ఆ తెరల్ని ఒక్క క్షణం తెరుస్తారు. చీకట్లో ఆడుతున్నవాళ్ల మీద ఒక్కసారిగా సూర్యుడు పడతాడు. మళ్లీ చీకటి. ఆ క్షణం కోసమే వచ్చేవాళ్లున్నారు.

ఒక రాత్రి... మూడంకాలు

పెద్ద వేదికల మీద డీజేకి గంట, గంటన్నర ఇస్తారు. ఆ కాస్త సమయంలో పేరున్న ట్రాకులన్నీ గుప్పించడమే సరిపోతుంది. లైట్లు, వీడియోలు సంగీతంతో కలవాలి కాబట్టి కొందరు వరస ముందే రాసుకుంటారు. బెర్లిన్ పద్ధతి వేరు. అక్కడ ఒక్కొక్కరికి మూడు నాలుగు గంటలు. ఆఖరున వాయించేవారికి ఇంకా ఎక్కువ.

మొదటి డీజేది అందరికన్నా కష్టమైన పని. పేరు రాదు, చప్పట్లు రావు. సగం ఖాళీగా ఉన్న హాలును వేడెక్కించాలి. అయితే మరిగించకూడదు. తర్వాత వచ్చేవాడి కోసం వేగాన్ని, పేరున్న ట్రాకుల్ని దాచిపెట్టాలి. విందులో మొదటే పాయసం వడ్డించేస్తే తర్వాతి వంటకాలు ఎవరికి రుచిస్తాయి? నడిరాత్రి వచ్చేవాడు మంట పెంచుతాడు. ఆఖరువాడి చేతికి అలసిన జనం వస్తారు. కాళ్లు చెప్పినమాట వినవు, అయినా ఇంటికెళ్లాలని ఉండదు. వాళ్ల దగ్గర బలప్రయోగం పనికిరాదు. అందుకే పాతవి, మెత్తనివి, కొత్తదారి తొక్కేవి బయటికొచ్చేది చివరి గంటల్లోనే. బెర్గ్‌హైన్‌కు ఆస్థాన విద్వాంసుల్లాంటి బెన్ క్లాక్, మార్సెల్ డెట్‌మన్‌లకు ప్రపంచమంతా పేరు తెచ్చింది ఈ సుదీర్ఘమైన సెట్లే. నెలల తరబడి అదే హాల్లో వాయించడంతో ఏ స్తంభం దగ్గర ధ్వని ఎలా తిరుగుతుందో కూడా వాళ్లకు తెలుసు.

ఈ రాత్రులకు చీకటి కోణమూ ఉంది. గంటలకొద్దీ ఆడే చోటికి మత్తుమందులూ వస్తాయి. వాటివల్ల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. కేవలం పోలీసు దాడులతో పని జరగదని గుర్తించిన బెర్లిన్ 2023లో, తమ దగ్గరున్న మందులో ఏం కలిసిందో ఉచితంగా పరీక్షించి, సలహా చెప్పే కేంద్రాలను మొదలుపెట్టింది.

చెవికి అందని దరువు

జనాన్ని ఆడించేది నిజంగా ఆ బేసేనా? కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు దీన్ని నిజం కచేరీలోనే తేల్చారు. ఆర్ఫిక్స్ అనే ఎలక్ట్రానిక్ సంగీత జంట వాయిస్తుండగా, చెవికి దాదాపు అందనంత కిందిస్థాయి బేస్‌ని పలికించే స్పీకర్లను రెండున్నర నిమిషాలకోసారి ఆన్ చేస్తూ, ఆఫ్ చేస్తూ పోయారు. ప్రేక్షకుల తలకు కట్టిన పట్టీలు వాళ్ల కదలికల్ని కొలిచాయి. స్పీకర్లు ఆన్‌లో ఉన్నప్పుడు జనం 11.8 శాతం ఎక్కువగా కదిలారట! తేడా వాళ్లకు తెలియనే లేదు. 2022లో వెలువడిన ఈ ఫలితాలు డీజేలకు ఎప్పట్నుంచో తెలిసిన సంగతినే అంకెల్లో చెప్పాయి... ఒళ్లు వినేది వేరు, చెవి వినేది వేరు.

కోర్టులో గెలిచిన డీజే

మళ్లీ మొదటి ప్రశ్నకి వద్దాం. జర్మనీలో కచేరీ టికెట్ మీద పన్ను 7 శాతం. మామూలు వినోదమైతే 19 శాతం. డీజే వాయించేది కచేరీయా, కాలక్షేపమా? ‘రికార్డులు తిప్పడం సంగీతమెలా అవుతుంది’ అన్నది పన్ను అధికారుల వాదన. 2016లో బెర్లిన్-బ్రాండెన్‌బర్గ్ ఆర్థిక న్యాయస్థానం బెర్గ్‌హైన్ పక్షాన తీర్పు చెప్పింది. జనం అక్కడికొచ్చేది ప్రధానంగా సంగీతం కోసమేనంది. 2020లో మరో కేసులో దేశ అత్యున్నత పన్ను న్యాయస్థానం కూడా టెక్నో డీజేలు రికార్డుల్ని వినిపించడంతో సరిపెట్టరనీ, వాటితో కొత్త సంగీతాన్ని సృష్టిస్తారనీ ఒప్పుకుంది. 2021 మేలో జర్మనీ పార్లమెంటు మరో అడుగు వేసింది. అప్పటిదాకా నిర్మాణ నిబంధనల్లో జూదశాలలు, వ్యభిచార గృహాల సరసన ఉన్న మ్యూజిక్ క్లబ్బుల్ని సాంస్కృతిక కేంద్రాలుగా చూడాలని తీర్మానించింది. 2024 మార్చిలో బెర్లిన్ టెక్నో జర్మనీ సాంస్కృతిక వారసత్వ జాతీయ జాబితాకెక్కింది.

గౌరవమైతే వచ్చింది. చోటే కరవవుతోంది! ఒకప్పుడు దిక్కులేని భవనాలన్నింటికీ ఇప్పుడు యజమానులున్నారు. చుట్టూ ఖరీదైన అపార్ట్‌మెంట్లు. ఆ ఖరీదు పెరగడానికి క్లబ్బుల ఆకర్షణా ఓ కారణం. తీరా కొనుక్కుని వచ్చినవాళ్లు రాత్రిపూట చప్పుడని ఫిర్యాదు చేస్తారు. ట్రెజార్ 2005లోనే ఆ ఖజానాని ఖాళీ చేయాల్సి వచ్చింది. రెండేళ్లకు మరో పాత విద్యుత్ కేంద్రంలో తెరుచుకుంది. కరోనా రోజుల్లో డ్యాన్స్ ఆగిపోయి బెర్గ్‌హైన్ చిత్రకళా ప్రదర్శనశాలగా మారింది. 2002 నుంచీ స్ప్రీ నది ఒడ్డున వెలిగిన వాటర్‌గేట్ క్లబ్ 2024 ఆఖరుతో మూతపడింది. నగరంలో ఏ-100 రహదారిని ఇంకా పొడిగిస్తే మరికొన్ని క్లబ్బులు దారికి అడ్డొస్తాయి. ఇలా క్లబ్బులు ఒక్కొక్కటే పోవడానికి బెర్లిన్ వాసులు ఓ పేరే పెట్టుకున్నారు... క్లబ్‌ష్టెర్బెన్. అంటే క్లబ్బుల చావు.

ముంబయిలో ముందే మోగింది

టెక్నోకి తోబుట్టువు లాంటిది ఆసిడ్ హౌస్. అది 1987లో షికాగోలో పుట్టిందంటారు. కానీ 1982లోనే ముంబయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు అవే రోలాండ్ యంత్రాలు టీబీ-303, టీఆర్-808 ముందేసుకుని పది రాగాల్ని డిస్కో దరువు మీద వాయించి రికార్డు తెచ్చాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో దాన్ని ఐరోపాలో మళ్లీ విడుదల చేస్తే విన్నవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. పెద్దవయసులో ఆయన విదేశీ వేదికలెక్కి ఆ రాగాల్నే వాయించాడు. 2015లో కన్నుమూశాడు.

యంత్రం దరువులు కలపగలదు. వేలకొద్దీ ట్రాకుల్ని వరసలో పేర్చగలదు. గోడకు ఆనుకున్న ఆ ఒక్కడి పాదం ఇంకా కదల్లేదని గమనించి, వాడి కోసం తర్వాతి ట్రాక్ మార్చాలంటే మాత్రం ఒక మనిషి కావాలి. ఆ మనిషి, ఆ పాదం ఒకే కప్పు కింద ఉండాలి. బెర్లిన్ ఇప్పుడు పోరాడుతున్నది ఆ కప్పు కోసమే!